పాత బండికి కొత్త టైర్లు, ట్యూబులు ఎలా చూసి తీసుకోవాలి

ఇంట్లో పదిహేను ఇరవై ఏళ్ళ నాటి స్ప్లెండరో, సీడీ డానో, పాత బుల్లెట్టో ఉండి, టైర్లు నున్నగా గుండు కొట్టినట్టు అయిపోయి, ఈసారి మంచివి చూసి వేయిద్దాం అనుకుంటున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. షాపుకెళ్ళి "అన్నా, స్ప్లెండర్‌కి వెనక టైరు" అంటే ఏదో ఒకటి తీసి బిగించి పంపిస్తారు, బండీ నడుస్తుంది, కానీ ఆ టైరు మీద మనమూ మన ఇంటివాళ్ళూ కూర్చుని హైవే మీద పోతాం కాబట్టి ఒక గంట టైమ్ పెట్టి తెలుసుకుని వెళ్తే మంచిది.

మా నాన్న బండి 2004 హీరో హోండా స్ప్లెండర్. 2019లో వెనక టైరు కొత్తది వేయించాను, ట్యూబు మాత్రం మార్చలేదు. షాపతను ట్యూబు బయటికి తీసి చేత్తో అలా తిప్పి చూసి "ట్యూబు బానే ఉంది తమ్ముడూ, రెండే పంచర్లు, దేనికి దండగ" అన్నాడు, నేనూ సరే అన్నా. నెలన్నర తిరక్కుండా సూర్యాపేట నుంచి ఖమ్మం వచ్చే దార్లో, వెనక మా ఆవిడ కూర్చుని ఉండగా, యాభై అయిదు స్పీడులో ఉన్నప్పుడు వెనక చక్రం ఒక్కసారిగా కూలబడింది. పంచరైతే గాలి మెల్లగా పోతుంది, బండి బరువెక్కినట్టు తెలుస్తుంది. ఇది అలా కాదు, రెండు క్షణాల్లో గాలంతా పోయి బండి వెనక భాగం చేప తోకలా అటూ ఇటూ కొట్టుకుంది. వెనక బ్రేకు జోలికి పోకుండా యాక్సిలరేటర్ వదిలేసి ఎలాగో పక్కకి ఆపాను, దెబ్బలేం తగల్లేదు. తర్వాత ట్యూబు తీసి చూస్తే ఎక్కడా మేకు లేదు, ముల్లు లేదు. వాల్వ్ మొదట్లో, ఇత్తడి కాడ రబ్బరుకి అతుక్కునే చోట, నెలవంక ఆకారంలో సగం చుట్టూ తెగిపోయి ఉంది. రిమ్ము లోపల చూస్తే స్పోకుల మీద ఉండాల్సిన రబ్బరు పట్టీయే లేదు, వాల్వ్ బొక్క చుట్టూ తుప్పు పొరలు పొరలుగా లేచి అంచు రంపంలా ఉంది. అందుకే ఈ రాతలో టైరు గురించి ఎంత చెప్తానో ట్యూబు గురించీ అంతే చెప్తా.

ముందు అసలు మార్చాల్సిన టైమ్ వచ్చిందో లేదో చూస్కోండి. బండిని సెంటర్ స్టాండ్ వేసి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చుట్టూ చూడండి. టైరు పక్కన భుజం దగ్గర చిన్న త్రికోణం గుర్తో, టీడబ్ల్యూఐ అనే అక్షరాలో ఉంటాయి, దానికి నేరుగా గీతల లోపలికి చూస్తే గాడి అడుగున అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మ కనిపిస్తుంది. టైరు అరిగి అరిగి ఆ దిమ్మతో సమానం అయిందంటే దాని పని అయిపోయినట్టే. మన దేశంలో టూవీలర్ టైరుకి గాడి లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలని రూలు, కానీ అంతవరకూ ఆగకండి, వానాకాలం మొదలయ్యే ముందు ఆ దిమ్మకి దగ్గరపడితే మార్చెయ్యడమే మేలు. తడి రోడ్డు మీద నీళ్ళు పక్కకి పోవడానికి ఉన్న దారి ఆ గాళ్ళే.

గాళ్ళు బాగున్నా టైరు ముసలిదైపోయి ఉండొచ్చు, తక్కువ తిరిగే పాత బళ్ళలో ఇదే ఎక్కువ. రోజూ కూరగాయలకి మాత్రమే తీసే బండికి టైరు అరగదు, కానీ ఎండకి ఎండి రబ్బరు గట్టిపడిపోతుంది. టైరు పక్కగోడ మీద, రిమ్ముకి దగ్గర్లో సన్నటి నెర్రెలు, చెరువు మట్టి ఎండినట్టు కనిపిస్తే, లేదా గాళ్ళ అడుగున చీలికలు కనిపిస్తే తీసెయ్యాల్సిందే. పక్కన ఎక్కడైనా చిన్న ఉబ్బు, కోడిగుడ్డులో సగమంత లేచి ఉంటే లోపల దారాలు తెగిపోయాయని అర్థం, ఆ బండిని పంచర్ షాపు వరకు కూడా నడిపించుకునే వెళ్ళండి, ఎక్కొద్దు.

ఇప్పుడు సైజు. చాలామంది ఉన్న టైరు మీద నంబరు ఫోటో తీసుకుని అదే కొనేస్తారు. సెకండ్ హ్యాండ్ బండైతే అక్కడే తప్పు జరుగుతుంది, ఎందుకంటే ఆ పాత ఓనరు ఏం వేశాడో మనకి తెలీదు కదా, అతను లావు టైరు మోజులో ఏదో వేసి ఉంటే ఆ తప్పే మనమూ కొనసాగిస్తాం. కాబట్టి బండి బుక్కు ఉంటే అందులో చూడండి, లేకపోతే చైన్ కవర్ మీద గాలి ఎంత పెట్టాలో చెప్పే స్టిక్కర్ దగ్గర సైజు కూడా రాసి ఉండొచ్చు, అదీ చిరిగిపోతే అదే మోడల్, అదే ఏడాది బండి ఉన్నవాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని అడగండి. పాత స్ప్లెండర్‌కి ముందూ వెనకా రెండూ 2.75-18, పాత బుల్లెట్ 350 స్టాండర్డ్‌కి రెండూ 3.25-19. బుల్లెట్‌ల మీద జాగ్రత్త, తర్వాత వచ్చిన మోడళ్ళలో వెనక చక్రం 18 ఇంచులకి మారింది, "బుల్లెట్ టైరు" అని అడిగితే ఏది ఇస్తారో తెలీదు, మీ రిమ్ము 19 ఆ 18 ఆ చూస్కుని వెళ్ళండి.

ఆ నంబరు ఎలా చదవాలంటే, 2.75-18 లో 2.75 అంటే టైరు వెడల్పు ఇంచుల్లో, అంటే దాదాపు 70 మిల్లీమీటర్లు. 18 అంటే టైరు కూర్చునే రిమ్ము వ్యాసం, అదీ ఇంచుల్లోనే. ఇప్పటి టైర్ల మీద 80/100-18 అని కూడా ఉంటుంది, అందులో 80 వెడల్పు మిల్లీమీటర్లలో, 100 అంటే టైరు ఎత్తు ఆ వెడల్పులో నూటికి నూరు శాతం అని, చివరి 18 మళ్ళీ రిమ్ము ఇంచులే. స్ప్లెండర్‌కే తర్వాతి మోడళ్ళలో కంపెనీ 80/100-18 ఇస్తోంది కాబట్టి పాతదానికి 2.75-18 దొరక్కపోతే అది వేసుకోవచ్చు, కంగారు లేదు. రిమ్ము నంబరు మాత్రం ఒక్క ఇంచు కూడా అటూ ఇటూ కుదరదు, 17 టైరు 18 రిమ్ముకి ఎక్కదు, ఎక్కిస్తానని ఎవరన్నా అంటే అక్కణ్ణుంచి వచ్చెయ్యండి.

సైజు పక్కనే ఇంకో చిన్న నంబరు ఉంటుంది, 42పీ అనో 48పీ అనో. దీన్ని ఎవరూ చూడరు, కానీ పాత బండికి వెనక టైరు కొనేటప్పుడు నేను మొదట చూసేది ఇదే. ఆ నంబరు టైరు మొయ్యగలిగే బరువుకి గుర్తు. 42 అంటే 150 కిలోలు, 47 అంటే 175, 48 అంటే 180, 54 అంటే 212. పీ అంటే గంటకి 150 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని, మన స్ప్లెండర్ అంత పోదు కాబట్టి దాని గురించి ఆలోచించక్కర్లేదు. పాత స్ప్లెండర్‌కి ముందు 2.75-18 42పీ, వెనక అదే 2.75-18 కానీ 48పీ. సైజు ఒకటే, బలం వేరు, పాత రాతలో దాన్నే 4 పీఆర్, 6 పీఆర్ అంటారు, పీఆర్ అంటే ప్లై రేటింగ్, టైరు ఎంత గట్టిదో చెప్పే పాత లెక్క. సైజు ఒకటే కదా అని ముందు టైరుని వెనక బిగించే షాపులు ఉన్నాయి, స్టాకులో అదే ఉంటే అదే ఇచ్చేస్తారు. ఒక్కసారి లెక్క వేసి చూడండి, బండి బరువే నూట పది కిలోల దాకా, మీరు డెబ్భై, వెనక ఇంకొకరు అరవై అయిదు, మధ్యలో 26 కిలోల బియ్యం బస్తా, మొత్తం 270 దాటింది, అందులో సగం కంటే బాగా ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది. అలాంటి చోట 150 కిలోల టైరు పెట్టుకుని ఎండాకాలం మధ్యాహ్నం ఊరికి బయల్దేరడం మంచిది కాదు. బరువు నంబరు కంపెనీ ఇచ్చినదానికంటే ఎక్కువ ఉంటే పర్లేదు, తక్కువ మాత్రం వద్దు.

లావు టైరు సంగతి. ఆర్ఎక్స్ 100 కుర్రాళ్ళ దగ్గర్నుంచి పల్లెల్లో స్ప్లెండర్ల దాకా అందరికీ ఇదే కోరిక, వెనక నుంచి చూస్తే బండి గట్టిగా కనపడాలని. పాత వంద సీసీ బళ్ళ రిమ్ము సన్నది, స్ప్లెండర్ రిమ్ము లోపలి వెడల్పు 1.60 ఇంచులే, అంటే నలభై మిల్లీమీటర్లు. దానికి బాగా వెడల్పు టైరు వేస్తే అంచులు రెండూ దగ్గరికి నొక్కుకుపోయి టైరు నడుం పెరిగి, నడినెత్తి మాత్రం గుండ్రంగా కోసుగా అయిపోతుంది, అప్పుడు రోడ్డుకి తగిలే భాగం పెరగదు సరికదా కొన్నిసార్లు తగ్గుతుంది కూడా, పైగా మైలేజీ పడిపోతుంది, మలుపులో బండి బరువుగా తిరుగుతుంది. వెనక ఒక్క మెట్టు పైకి, అంటే 2.75 చోట 3.00-18 వేసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎక్కువ బరువు వేసేవాళ్ళకి అది పనికొస్తుంది, నేను కాదనను. కానీ వేయించాక చైన్ కవర్‌కి, స్వింగ్ ఆర్మ్‌కి (వెనక చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే ఇనప చేతులు), బ్రేకు రాడ్డుకి, మడ్‌గార్డ్ లోపలి బోల్టులకి ఎంత సందు ఉందో వేలు పెట్టి చూడండి, తర్వాత ఇద్దరు బరువైన మనుషుల్ని ఎక్కించి షాకులు కిందికి దిగినప్పుడు మళ్ళీ చూడండి. ముందు టైరు మాత్రం మార్చొద్దు, కంపెనీ సైజే ఉండాలి. చాలా పాత బళ్ళలో స్పీడో మీటరు ముందు చక్రం నుంచే తిరుగుతుంది కాబట్టి అక్కడ సైజు మారితే మీటరు కూడా తప్పు చూపిస్తుంది.

గీతల డిజైన్ విషయంలో పెద్దగా తల బద్దలుకొట్టుకోవక్కర్లేదు. ముందు టైరుకి నిలువు గాళ్ళు ఉన్నది, వెనక టైరుకి దిమ్మలు దిమ్మలుగా ఉన్నది, పాత బళ్ళకి పూర్వం నుంచీ ఇదే పద్ధతి. ముందు చక్రం పని దారి పట్టుకోవడం, నిలువు గాళ్ళు దానికి సాయం చేస్తాయి, వెనక చక్రం పని తొయ్యడం, దిమ్మలు నేలని పట్టుకుంటాయి. మీది రేగడి నేల, పొలం గట్ల మీద తిరిగే బండి అయితే వెనక దిమ్మలు కొంచెం లోతుగా, ఎడంగా ఉన్నది చూస్కోండి, ఊళ్ళో సీసీ రోడ్డు, టౌనులో తారు రోడ్డు తప్ప వేరే తిరగకపోతే దగ్గర దగ్గర దిమ్మలదే బాగుంటుంది, శబ్దం తక్కువ, అరుగుడు తక్కువ. ఎమ్మారెఫ్ నైలోగ్రిప్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్, ఇలా పాత సైజుల్లో మామూలు నైలాన్ టైర్లు ఇంకా దొరుకుతున్నాయి, వాటిలో మీకు దగ్గర్లో కొత్త స్టాకు ఏది వస్తోందో అది తీసుకోండి. నా మట్టుకు కంపెనీ పేరు కన్నా స్టాకు తేదీ ముఖ్యం.

ఆ తేదీ ఎక్కడుంటుందంటే, టైరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత లోపల నాలుగు అంకెలు ఉంటాయి. 1424 అని ఉంటే 2024లో 14వ వారంలో, అంటే ఏప్రిల్ మొదట్లో తయారైంది అని. ఒక వైపే ఉండొచ్చు, రెండు వైపులా తిప్పి చూడండి. మూడే అంకెలు ఉంటే అది 2000 సంవత్సరానికి ముందు టైరు, పాత బుల్లెట్లకి ఒరిజినల్ అని గోడౌనుల్లోంచి తీసి అమ్మేవాళ్ళు ఉంటారు, ప్యాకింగ్ విప్పకపోయినా సరే అది రోడ్డు మీదకి పనికిరాదు, బండి షోకి పెట్టుకోడానికి తప్ప. ఏడాది లోపుదైతే సంతోషంగా తీసుకోండి, రెండేళ్ళు దాటితే వేరేది అడగండి, షాపు బయట ఎండలో వేలాడదీసినది తేదీ కొత్తదైనా వద్దు, లోపల నీడలో ఉన్నది తియ్యమనండి. బాగా తిరిగే సైజులు, ఈ 2.75-18 లాంటివి, పెద్ద షాపుల్లో త్వరగా అమ్ముడైపోతాయి కాబట్టి కొత్త స్టాకు దొరుకుతుంది, 3.25-19 లాంటివి మాత్రం ముందు రోజు ఫోన్ చేసి తేదీ కనుక్కుని వెళ్ళడం మంచిది. టైరు మీద ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 15627 అనే నంబరు ఉండాలి, అవి లేని టైరు ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోవద్దు. అరిగిపోయిన టైరుకి వేడి కత్తితో కొత్త గాళ్ళు కోసి నల్లరంగు పూసి అమ్మేవి కూడా ఉంటాయి, గాడి అడుగున దారాల పోగులు కనపడుతున్నాయంటే అదే. బిల్లు తీసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత రేటు మీద అడిగితే ఆ మాట చెప్పండి.

ట్యూబ్‌లెస్ వేయిద్దామా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. మీ బండికి స్పోకుల చక్రం ఉంటే వద్దు. ప్రతి స్పోకు రిమ్ముకి బొక్క పెట్టుకుని లోపలికి వస్తుంది, ఆ బొక్కల్లోంచి గాలి పోతుంది, అదొక్కటే కాదు, ట్యూబ్‌లెస్ రిమ్ముకి టైరు అంచు జారిపోకుండా లోపల చిన్న గట్టు ఉంటుంది, పాత రిమ్ముకి అది ఉండదు, గాలి తగ్గిందంటే టైరు అంచు గుంటలోకి జారిపోతుంది. టేపులు అంటించి, జిగురు పోసి చేసిస్తామంటారు, మన గుంతల రోడ్లలో ఒకట్రెండు స్పోకులు కదిలితే ఆ టేపు ఉంటుందా చెప్పండి. ఇక టైరు మీద ట్యూబ్‌లెస్ అని ఉన్నదాన్ని ట్యూబు వేసి వాడొచ్చా అంటే, మీ సైజులో వేరే దొరక్కపోతే కంపెనీ ఒప్పుకున్న టైర్లకి వాడొచ్చు. కానీ అంచులు గట్టిగా ఉంటాయి, బిగించేటప్పుడు లీవర్ల బలం ఎక్కువ పెట్టాలి, అప్పుడు ట్యూబు నలిగే అవకాశం ఎక్కువ, పైగా వేడి కూడా కొంచెం ఎక్కువ పుడుతుంది. ట్యూబ్ టైప్ అని రాసున్నది దొరికినన్నాళ్ళు అదే తీసుకోండి.

ఇక ట్యూబు. కొత్త టైరుకి కొత్త ట్యూబే, ఇందులో బేరం లేదు. పాత ట్యూబు ఏళ్ళ తరబడి గాలితో సాగిపోయి ఉంటుంది, దాన్ని కొత్త ట్యూబు పక్కన పెట్టి చూస్తే చుట్టుకొలత పెరిగినట్టు మీకే కనిపిస్తుంది. అరిగిన పాత టైరు లోపల దానికి చోటు ఉండేది, కొత్త టైరు మందంగా ఉంటుంది కాబట్టి ఆ సాగిన ట్యూబు ఎక్కడో ఒకచోట మడత పడుతుంది. ఆ మడత తిరిగే ప్రతి చుట్టుకీ తనలో తనే రాసుకుని రాసుకుని, కొన్ని వారాలకి గీసిన గీతలా చీలుతుంది. ఆ చీలికకి ప్యాచ్ నిలవదు. మా ట్యూబు తీసి చూసినప్పుడు వాల్వ్ దగ్గర తెగుడుతో పాటు దానికి ఎదురు వైపున ఇలాంటి మడత గుర్తు కూడా ఉంది, వేలి పొడవున, ఆ గీత మీద రబ్బరు కాగితంలా పల్చబడి వెలుతురుకి పెడితే తెల్లగా కనపడింది, వాల్వ్ తెగకపోయి ఉంటే ఇంకో నెలకి అక్కడ పోయేది.

ట్యూబు మీద కూడా సైజు రాసుంటుంది, ఒకే ట్యూబు రెండు మూడు సైజులకి సరిపోయేలా 2.75/3.00-18 అని ఉంటుంది, మీ టైరు సైజు అందులో ఉండాలి. రిమ్ము నంబరు ఇక్కడా తప్పకూడదు, 17 ట్యూబు లాగి 18కి వేస్తే మొదటి రోజు నుంచే సాగి ఉంటుంది, వాల్వ్ మొదట్లో బరువంతా పడుతుంది. తర్వాత బ్యూటైల్ రబ్బరుదా మామూలు రబ్బరుదా అని అడగండి, పెట్టె మీదే రాసుంటుంది. బ్యూటైల్ ట్యూబులో గాలి చాలాకాలం నిలబడుతుంది, మామూలు రబ్బరుదైతే గాలి తొందరగా తగ్గిపోయి తరచూ పెట్టించుకోవాలి. వారానికోసారి గాలి చూసే ఓపిక మనలో ఎంతమందికి ఉంటుంది, అందుకే బ్యూటైలే తీసుకోండి. ట్యూబులకి ఐఎస్ 13098 అనే నంబరుతో ఐఎస్ఐ గుర్తు ఉంటుంది, అదీ చూడండి.

షాపులోనే పెట్టె విప్పించి ట్యూబు చేతిలోకి తీసుకోండి, మొహమాటపడొద్దు. వాల్వ్ కాడని రెండు వేళ్ళతో పట్టుకుని నాలుగు వైపులకీ మెల్లగా వంచుతూ మొదట్లో రబ్బరు ఎలా ఉందో చూడండి, ఇత్తడి చుట్టూ రబ్బరు నిండుగా దిట్టంగా ఉండాలి, సందు కనపడకూడదు, సన్నటి నెర్రె కనపడకూడదు. మడత పెట్టిన చోట్ల తెల్లగా గీతలు పడి ఉంటే అది ఎప్పటిదో స్టాకు. కొంచెం గాలి ఎక్కించమనండి, ట్యూబు చుట్టూ ఒకే లావున ఉబ్బాలి, ఒకచోట లావుగా ఒకచోట సన్నగా ఉంటే ఆ లావైన చోట రబ్బరు పల్చగా ఉందని, మార్చి ఇమ్మనండి. వాల్వ్ కూడా మీ పాతదాని లాంటిదే ఉండాలి, బైకులకి నిటారుగా నట్టుతో ఉండేది వస్తుంది, స్కూటర్లకి వంపు తిరిగినది వస్తుంది, అలవాటులో చేతికందింది ఇచ్చేస్తుంటారు.

ఇంకొకటి అడిగి తీసుకోండి, రిమ్ టేప్, స్పోకుల తలల మీద పరిచే రబ్బరు పట్టీ. దీని ధర చాలా తక్కువ, టైరు ఖర్చులో లెక్కకి కూడా రాదు, అయినా పాతదే వాడేస్తారు లేదా అసలు వెయ్యరు. టైరు విప్పాక మీరు వంగి రిమ్ము లోపల చూడండి, తుప్పు ఉంటే ఉప్పుకాగితంతో రుద్దించి గుడ్డతో తుడిపించండి, స్పోకు చివరలు నిపుల్ (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్టు) దాటి పైకి పొడుచుకొచ్చి ఉంటే ఆకురాయితో అరగదియ్యమనండి, వాల్వ్ బొక్క అంచు మీద వేలు తిప్పండి, గీసుకుంటే దాన్ని కూడా నున్నగా చేయించండి. తర్వాత కొత్త పట్టీ వేయించి దాని బొక్క, రిమ్ము బొక్క ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయో లేదో చూడండి. చక్రం ఎలాగూ బయటే ఉంది కాబట్టి బ్రేకు షూలు, బేరింగులు, వెనక హబ్బులో రబ్బర్లు కూడా అప్పుడే చూసేసుకోండి, మళ్ళీ విప్పుడు ఖర్చు ఉండదు.

బిగించేటప్పుడు టీ తాగడానికి వెళ్ళకండి, అక్కడే ఉండండి. టైరు పక్కన బాణం గుర్తు ఉంటే చక్రం ముందుకి తిరిగే వైపుకి అది ఉండాలి. చిన్న పసుపు చుక్క ఉంటే దాన్ని వాల్వ్ దగ్గరికి తెమ్మనండి, అది టైరులో తేలికైన చోటు, వాల్వ్ బరువుతో సరిపోతుంది. ట్యూబుకి కొద్దిగా గాలి, గుండ్రం నిలబడేంత మాత్రమే, పెట్టి లోపల దూర్చాలి, ఖాళీ ట్యూబు దూరిస్తే మెలిక పడుతుంది. ట్యూబుకి కొంచెం టాల్కం పౌడరు రాస్తే జారి సరిగ్గా సర్దుకుంటుంది. అంచుకి సబ్బు నీళ్ళు రాయాలి, ఇంజన్ ఆయిలో డీజిలో గ్రీజో రాస్తుంటే ఆపండి, రబ్బరు పాడవుతుంది, అంచు రిమ్ములో జారుతుంది. రెండో అంచు ఎక్కించడం వాల్వ్‌కి ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించాలి, ముగించేముందు వాల్వ్‌ని ఒకసారి లోపలికి నెట్టి వదలాలి, లేకపోతే అంచు కింద ట్యూబు ఇరుక్కుంటుంది. లీవరు లోతుగా దూర్చి ఊపితే ట్యూబుకి పాము కాటులా రెండు చిల్లులు పక్కపక్కన పడతాయి, చివర్లో బిగుతుగా ఉన్నప్పుడు ఎదురు వైపు అంచుని కాళ్ళతో తొక్కి రిమ్ము మధ్య గుంటలోకి దింపితే ఇటు సులువుగా ఎక్కుతుంది, బలం అక్కర్లేదు.

గాలి నిండుగా పెట్టాక ఒకసారి మొత్తం తీసెయ్యమనండి, మళ్ళీ పెట్టమనండి. ఎందుకంటే మొదటిసారి ట్యూబులో ఏవైనా మడతలు ఉంటే రెండోసారికి అవి విప్పుకుంటాయి. టైరు మీద రిమ్ముకి దగ్గర్లో చుట్టూ సన్నటి గీత ఒకటి ఉంటుంది, ఆ గీతకీ రిమ్ము అంచుకీ మధ్య దూరం చుట్టూ ఒకేలా ఉండాలి, రెండు వైపులా. ఒకచోట లోపలికి వెళ్ళిపోతే టైరు సరిగ్గా కూర్చోలేదు, నడిపితే బండి ఎగిరెగిరి పడుతుంది. వాల్వ్ నిటారుగా నిలబడాలి. వాల్వ్ కింద నట్టుని రిమ్ముకి గట్టిగా బిగించేస్తారు, అది వద్దు, మా ట్యూబు అలాగే బిగించి ఉంది, టైరు ఒక్క పిసరు జరిగినా ట్యూబు జరుగుతుంది కానీ వాల్వ్ జరగడానికి వీలుండదు, మొదట్లో తెగుతుంది. నట్టుని పైకి తిప్పి వాల్వ్ మూతకి ఆనించి వదిలెయ్యండి.

చక్రం బండికి ఎక్కించేటప్పుడు ముందుదైతే స్పీడో మీటరు గేరు గాడిలో కూర్చుందో లేదో, వెనకదైతే చైన్ బిగుతు, స్వింగ్ ఆర్మ్ మీద గీతలు రెండు వైపులా సమానంగా ఉన్నాయో లేదో, బ్రేకు డ్రమ్ము తిరగకుండా పట్టుకునే రాడ్డు బోల్టు, దాని పిన్ను వేశారో లేదో చూసి, అప్పుడు యాక్సిల్ నట్టు బిగింపు మీరే ఒకసారి పట్టుకుని చూడండి.

గాలి పాత స్ప్లెండర్‌కి ముందు 25 పీఎస్ఐ (గాలి మీటరు మీద చూపించే పాయింట్లు), వెనక ఒక్కరే అయితే 28, ఇద్దరెక్కితే స్టిక్కర్ మీద ఉన్నట్టు పెంచుకోవాలి. చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే చూసిందే అసలు లెక్క, ఎండలో పది కిలోమీటర్లు వచ్చాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసెయ్యకండి. కొత్త టైరు మొదటి నూట యాభై, రెండొందల కిలోమీటర్లు కొంచెం జారుడుగా ఉంటుంది, పైపొర అరిగేదాకా మలుపుల్లో బండి వాల్చకండి, బ్రేకు ముందే మెల్లగా వెయ్యండి, వానలో అయితే మరీ జాగ్రత్త.

మర్నాడు పొద్దున గాలి ఒకసారి చూడండి. రెండు మూడు పాయింట్లు తగ్గితే వాల్వ్ నోటి మీద కొంచెం ఉమ్మి పెట్టి చూడండి, బుడగ లేస్తే లోపల పిన్ను మార్పిస్తే సరిపోతుంది. వారం తర్వాత వాల్వ్ ఇంకా నిటారుగానే ఉందా, పక్కకి వాలిందా అని చూడండి. వాలితే టైరు, ట్యూబు రిమ్ములో జరుగుతున్నాయని అర్థం, ఇంక ఆ బండి మీద ఇంకొకర్ని ఎక్కించుకోకుండా నేరుగా షాపుకి తీసుకెళ్ళి గాలి తీయించి, సర్ది, సరిపడా గాలి పెట్టించండి. తీసిన పాత ట్యూబు షాపులో వదిలెయ్యకండి, ఇంటికి తెచ్చుకుని పట్టీలుగా కోసుకుంటే క్యారియర్ మీద సామాను కట్టుకోడానికి పనికొస్తుంది, సీటు కింద స్పేరుగా పెట్టుకోడానికి మాత్రం ఇంకో కొత్త ట్యూబే కొనండి.